బస్సెక్కితే బాధ్యత దిగినట్టే

టిక్కెట్టు మొదలు టిఫిను దాకా అన్నీ ఇంకొకరే చూసుకునే యాత్ర బస్సు అంటే నగరవాసికి కాస్త చిన్నచూపు. మేళ్లచెరువు లాంటి ఊళ్లలో మాత్రం చాలామందికి సెలవన్నా, లోకం చూడటమన్నా అదే.

వరినాట్లు అయిపోయి, పత్తి చేలో కలుపు ఓ కొలిక్కి వచ్చి, చేతికి పది రోజుల తెరిపి దొరికే కాలంలో మేళ్లచెరువు వైపు ఊళ్లలో ఒక నోటుపుస్తకం తిరగడం మొదలవుతుంది. భజన మండలి పెద్దదో, రిటైరైన మాస్టారుదో, ఏటా శబరిమలకు బృందాన్ని తీసుకెళ్లే గురుస్వామిదో ఆ పుస్తకం. అందులో ఒకటి నుంచి నలభై దాకా వరుస సంఖ్యలు ముందే వేసి ఉంటాయి. ఇక పేర్లు నిండాలి.

“ముప్పై రెండు అయినయ్ పెద్దమ్మా, నీ పేరు రాసుకోనా?”

పెద్దమ్మ ఏయే గుళ్లు చూపిస్తావని అడగదు. “ఎవరెవరొస్తున్నరు?” అంటుంది. రెండో ప్రశ్న, వంట ఎవరిదని. మూడోది, ముందు సీటిస్తావా, చక్రం మీది సీటిస్తావా అని. రామేశ్వరం ముందా మధుర ముందా అన్నది ఆవిడ లెక్కలోకే రాదు. అది యాత్ర పెట్టినాయన తలనొప్పి.

నలభై ఏళ్లుగా పూటపూటా ఏం వండాలో, ఎవరికి ఎప్పుడు పెట్టాలో, ఏ కూలీకి ఎంత ఇవ్వాలో తేల్చుతూ వచ్చిన మనిషికి, “భోజనాలు తయారైనయ్, రండి” అని ఇంకొకరు పిలవడమే పెద్ద విహారం. నగరంలో సెలవుకు వెళ్లాలంటే నెల ముందు నుంచీ పనే: గదులు వెతకాలి, రైలు వెయిటింగ్ లిస్టు చూడాలి, ఎవరు ఏమన్నారో ఫోన్లో చదువుకోవాలి. వెళ్లొచ్చాక అలసట తీరడానికి ఇంకో సెలవు కావాలి. యాత్ర బస్సులో డబ్బు కట్టేది ఆ తేల్చుకునే పని వదిలించుకోవడానికే. చూసే ఊళ్లు దాని మీద కొసరు.

మేళ్లచెరువు ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోది, 2016 అక్టోబరు పునర్విభజనతో సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. నేల కింద సున్నపురాయి, నేల మీద సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు, కాస్త దూరం పోతే కృష్ణ. రైలు పట్టాలూ ఉన్నాయి. కాకపోతే జగ్గయ్యపేట నుంచి ఇటు వచ్చిన ఆ లైను ప్రధానంగా గూడ్సు బళ్లది. మనిషి ఎటు పోవాలన్నా ముందు కోదాడ పోవాలి, 65వ నంబరు జాతీయ రహదారి మీద నిలబడి ఇటు హైదరాబాదా, అటు విజయవాడా తేల్చుకోవాలి. అలాంటి చోట కన్యాకుమారి పోయే బస్సు వచ్చి బొడ్రాయి దగ్గరే ఆగితే అది చిన్న సౌకర్యమేమీ కాదు.

పొరుగున ఉన్న పాలమూరు సంగతి ఇంకా వేరు. అక్కడ దూరం బస్సు ఎక్కడమంటే తరాలపాటు వలస పోవడమే. నారాయణపేట, కోస్గి వైపు నుంచి ముంబయికి, పుణెకు మూటాముల్లెతో, చంకలో పిల్లలతో పోయిన వాళ్లెందరో. ఆ ఇళ్ల మనుషులే ఇవాళ అంత దూరం గంగలో మునగడానికి, ఊటీలో చలి చూడటానికి పోయి, నాలుగు ఫొటోలతో తిరిగొస్తున్నారంటే మారింది బస్సు ఒక్కటే కాదు.

వీరాస్వామి వెంట వందమంది

గుంపుగా, ఒక పెద్దమనిషి పూచీ మీద, వంటవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లడం తెలుగువాళ్లకు బస్సుతో వచ్చిన అలవాటు కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట దాదాపు వందమంది: ఇంటి ఆడవాళ్లు, వంటవాళ్లు, బోయీలు, కాపలావాళ్లు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరారు. అక్కణ్నుంచి నాగపూరు, జబల్పూరు దారిన ప్రయాగ, కాశీ. తిరుగుదారిలో గయ, కలకత్తా, పూరీ, కోస్తా.

ఇప్పుడు తెలంగాణ నుంచి కాశీకి పోయే యాత్ర బస్సు పట్టేదీ ఇంచుమించు ఆ దారే. నిర్మల్, ఆదిలాబాద్, నాగపూరు, జబల్పూరు, రీవా, ప్రయాగ. పల్లకీకి నెలలు పట్టిన దూరం బస్సుకు రెండు రోజుల్లోపు.

1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రను సాహిత్యం కోసం, చరిత్ర కోసం చదివేవాళ్లు చాలామందే. యాత్రలు పెట్టేవాళ్లు చదివితే ఇంకో సరుకు దొరుకుతుంది. ఏ మజిలీలో మంచినీళ్లున్నాయి, ఎక్కడ అన్ని సామాన్లూ దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, ఏ దారి గతుకులు, ఎక్కడ సుంకం గోల. ఇవాళ్టి టూర్ మేనేజర్ జేబులో ఉండే చిన్న పుస్తకంలోనూ ఉండేది ఇదే: ఏ బంకులో మరుగుదొడ్లు శుభ్రం, ఏ సత్రంలో వేడినీళ్లు వస్తాయి, ఏ ఊళ్లో పార్కింగు పేరుతో పీడిస్తారు.

వీరాస్వామి ఖర్చు ఆయనదే. ఖర్చును తలా ఇంత పంచి, సీటుకింత అని ధర కట్టే పద్ధతికి పేరు తెచ్చింది ఇంగ్లండులో థామస్ కుక్. 1841 జూలై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకు దాదాపు 500 మందిని, మనిషికి ఒక షిల్లింగు చొప్పున, రైల్లో మద్యపాన వ్యతిరేక సభకు తీసుకెళ్లాడాయన. ప్రపంచ పర్యాటక వ్యాపారంలో పెద్ద పేరు అలా తాగుడు మాన్పించే ఉద్యమంలో పుట్టిందంటే మన డ్రైవర్లకు నవ్వొస్తుందేమో. మన దేశంలో కలకత్తాలో 1933లో మొదలైన కుండూ స్పెషల్ బెంగాలీలను బెంగాలీ వంటవాళ్లతో సహా దేశమంతా తిప్పింది. తెలుగువాళ్లు నెలకొల్పిన సదరన్ ట్రావెల్స్ 1970లో ఢిల్లీలో పుట్టి, ఉత్తరాది చూడటానికి వచ్చే దక్షిణాదివాళ్లకు ఆసరా అయింది. గది, కూడు, మాట మనవైతే ఊరు ఎవరిదైనా ఫర్వాలేదన్న ఎరుక వీటన్నిటికీ ఒకటే.

పౌర్ణమి లెక్క తెలిసిన ఆర్టీసీ

1932లో నిజాం ప్రభుత్వ రైల్వే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు దాని పని ఊళ్లను కలపడం. తొంభై ఏళ్ల తర్వాత ఆ సంస్థ వారసురాలు తెలంగాణ ఆర్టీసీయే తిథి చూసుకుని బస్సులు వేస్తోంది. 2023 జూలైలో గురుపౌర్ణమికి ఆర్టీసీ హైదరాబాదు నుంచి అరుణాచలం గిరిప్రదక్షిణ ప్యాకేజీ ప్రకటించింది. దారిలో కాణిపాకం వినాయకుడు, వెల్లూరు దగ్గర బంగారు గుడి, మధ్యలో అరుణాచలం ఉన్న తిరువణ్ణామలై. పద్నాలుగు కిలోమీటర్ల గిరిప్రదక్షిణ దారి అంతా మనిషే నడవాలి గానీ, అక్కడిదాకా చేర్చే బాధ్యత ఆర్టీసీది. గిరాకీ చూసి దాన్ని జిల్లాల డిపోలకూ పాకించారు. అక్కడి రమణ మహర్షి ఆశ్రమం పేరు ఎన్నడూ వినని ఇళ్లలో కూడా ఇప్పుడు గిరిప్రదక్షిణ దారిలోని అష్టలింగాల వరుస కంఠతా చెప్పేవాళ్లున్నారు.

ఆంధ్ర వైపు కార్తీకమాసం పంచారామాలది. ఆదివారం రాత్రి ఎక్కి, సోమవారం అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒక్క రోజులో ముగించి రావడం. సొంత కారులో పోయేవాడు రెండో గుడి దగ్గరే దారి తప్పుతాడు, లేదా క్యూ చూసి నీరసపడతాడు. అక్కడి ఆర్టీసీ డ్రైవరుకు ఏ గుడికి ఏ వేళకు చేరితే రద్దీ తక్కువో చేతిలో గీత.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఈ టూరు బస్సులకు ఆ వెసులుబాటు వర్తించదు. అయినా అది వీటికి మేలే చేసిందనిపిస్తుంది. ఆధార్ కార్డు చేతబట్టుకుని నలుగురు ఆడవాళ్లు యాదగిరిగుట్టకో భద్రాచలానికో మగతోడు లేకుండా పోయొచ్చాక, డబ్బు కట్టి అరుణాచలం పోవడం పెద్ద సాహసంలా కనపడదు. 2025లో ఆర్టీసీ ‘యాత్రాదానం’ అని ఇంకోటి తెచ్చింది: పుట్టినరోజుకో పెళ్లిరోజుకో డబ్బు కడితే, ఆ డబ్బుతో వృద్ధులను, అనాథలను, దివ్యాంగులను యాత్రకు తీసుకెళ్తారు. అన్నదానం, గోదానం తెలిసిన చోట బస్సు సీటు కూడా దానం కావడం మంచి ఆలోచనే.

డీజిలు, బియ్యం, ముందు సీటు

ఊరివాళ్లు పెట్టుకునే ప్రైవేటు యాత్ర లెక్క వేరే. మేళ్లచెరువు నుంచి విజయవాడ, చెన్నై మీదుగా కన్యాకుమారి, పక్కన రామేశ్వరం, మధుర, శ్రీరంగం కలుపుకుని తిరిగి వస్తే సుమారు మూడు వేల కిలోమీటర్లు. పెద్ద బస్సు లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 750 లీటర్లు. లీటరు 95 రూపాయల లెక్కన డెబ్భై వేలు దాటుతుంది. నలభై మందికి పంచితే తలకు దాదాపు 1,800, అదీ డీజిలు ఒక్కటే. దాని మీద బస్సు అద్దె, టోలు, డ్రైవర్ల బత్తా, పార్కింగు, సత్రాలు, వంట. నలభైలో ఆరు సీట్లు ఖాళీ ఉంటే ఆ భారం మిగతావాళ్ల మీద పడుతుంది, లేకపోతే యాత్ర పెట్టినాయన జేబుకు చిల్లు పడుతుంది. అందుకే బయలుదేరే ముందు రోజు ఎవరింట్లోనైనా మైల వచ్చిందంటే అందరికన్నా ఎక్కువ దిగులు ఆయనకే.

ఖర్చు తగ్గేది వంట దగ్గర. బియ్యం బస్తాలు సొంత పొలానివి, పప్పు, చింతపండు, కారం ఇంటివి. గిన్నెలు, పొయ్యి, వంటమనిషి బస్సులోనే. తమిళనాట సాంబారు మొదటి పూట బాగుంటుంది, రెండో పూట సరేలే అనిపిస్తుంది, మూడో పూటకు నల్లగొండ నాలుక గోంగూర పచ్చడి కోసం గోల పెడుతుంది. చెట్టు నీడనో, సత్రం వెనకనో పొయ్యి వెలిగాక కూరలు తరగడానికి పదిమంది తమంతట తామే కూర్చుంటారు. ఇంటి పని తప్పించుకోవడానికి వచ్చినవాళ్లే కదా అనుకుంటే పొరపాటు. పదిమందితో కలిసి మాట్లాడుకుంటూ తరిగే ఉల్లిగడ్డ వేరు. కాశీలో అయితే శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం, కరివెన సత్రం లాంటి తెలుగు సత్రాలే ఉన్నాయి కాబట్టి అక్కడ పొయ్యికి కాస్త సెలవు.

సీటు సంగతి సున్నితం. వెనక చక్రం మీది వరుసలో కూర్చున్నవాళ్ల నడుము మూడో రోజుకు మాట్లాడటం మొదలుపెడుతుంది. వాంతులయ్యేవాళ్లు ముందు సీటు అడుగుతారు. వాంతులు కానివాళ్లు కూడా అడుగుతారు. తెలివైన నిర్వాహకులు రోజుకో వరుస వెనక్కి జరిపే నియమం మొదటి రోజే చదివి వినిపిస్తారు. అది చేయనివాళ్లు యాత్ర పూర్తయ్యేలోగా రెండు వర్గాలను తయారుచేసి ఊరికి తెస్తారు.

దేవుడి పూచీ మీద

మేళ్లచెరువులో ఒక అమ్మ “నాలుగు రోజులు ఊటీ పోయొస్తా” అంటే ఇల్లు ఉలిక్కిపడుతుంది. “పళని మొక్కుంది” అంటే కొడుకు డబ్బు సర్దుతాడు, కోడలు గేదెల సంగతి చూసుకుంటానంటుంది, ఇంటాయన గొణుగుతూనే ఒప్పుకుంటాడు. పళని కొండ నుంచి కొడైకెనాల్ ఘాటు రోడ్డు ఎంతో దూరం లేదు. యాత్ర పెట్టేవాళ్లకు ఈ భూగోళం బాగా తెలుసు. అందుకే కరపత్రంలో పన్నెండు గుళ్లు పెద్దక్షరాల్లో, వాటి మధ్య మైసూరు ప్యాలెస్, బృందావన్ గార్డెన్స్, కన్యాకుమారి సూర్యోదయం చిన్నక్షరాల్లో ఉంటాయి. తిరిగొచ్చాక ఫోన్లో చూపించేవి మాత్రం ఆ చిన్నక్షరాలే. గర్భగుడిలో ఫొటోలు తీయనివ్వరు కాబట్టి అని ఒక సాకు ఉండనే ఉంది.

మగవాళ్లకు ఈ సెలవు ముందు నుంచీ ఉంది. నలభై ఒక్క రోజుల దీక్ష చేసి, ఇరుముడితో ఎక్కే అయ్యప్ప బస్సు కన్నా పకడ్బందీ బృంద యాత్ర ఏదీ లేదు. గురుస్వామి మాటే చట్టం, దారి మారదు, ఎరుమేలి, పంబ ఎక్కడ ఎంతసేపో అందరికీ తెలుసు. అలా వెళ్లొచ్చిన అనుభవమే చాలా ఊళ్లలో తర్వాత కుటుంబాల యాత్రలకు పెట్టుబడి అయింది. బస్సు ఎవరి దగ్గర దొరుకుతుంది, తమిళనాడులో ఎక్కడ ఆగాలి, ఎంతకు బేరమాడాలి అన్నవి గురుస్వాములకు తెలిసిన విద్యలు.

బస్సులో కొన్ని కట్టుబాట్లు సడలుతాయి. ఊళ్లో పేరంటానికి పిలుపు రాని ఆవిడకూ వంతు ప్రకారం కిటికీ సీటు వస్తుంది. రామేశ్వరంలో ఇరవై రెండు తీర్థాల్లో బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తుంటే అత్తా కోడళ్లు ఒకరినొకరు పట్టుకుని నవ్వుతారు. ఇంటికొచ్చాక ఆ నవ్వు ఎన్ని రోజులుంటుందన్నది వేరే సంగతి.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులకూ చివరికి దిక్కు ఇలాంటి బస్సే. పిల్లలకు సెలవు దొరకదు, పెద్దవాళ్లకు కారు నడపడం రాదు. న్యూయార్కు నుంచి నయాగరా, వాషింగ్టన్ తిప్పే చైనావాళ్ల టూరు బస్సుల్లో ఎక్కిస్తారు. గైడు ముందు చైనా భాషలో చెప్పి, తర్వాత ఇంగ్లిషులో కాస్త చెబుతాడు. పక్క సీట్లో తెలుగు జంట దొరికిందా, ఇక గైడుతో పనిలేదు.

మూడింటికి లేపుతారు

ఇంత మెచ్చుకున్నాక ఈ యాత్రల మీద ఉన్న ఫిర్యాదులనూ చెప్పుకోవాలి. తెల్లవారుజామున మూడింటికి లేపడం, మరుగుదొడ్ల దగ్గర వరుస, ఇద్దరి ఆలస్యానికి ముప్పై ఎనిమిది మంది బస్సులో ఉడకడం, కొట్టు దగ్గర దిగినవాళ్లు ఎంతకీ రాకపోవడం. ఇవన్నీ బృంద యాత్రకు ఎక్కడైనా తప్పవు. పద్దెనిమిది రోజుల్లో తొమ్మిది యూరప్ దేశాలు తిరిగే అమెరికన్ల మీద 1969లోనే హాలీవుడ్ ఒక హాస్య సినిమా తీసింది. మంగళవారమైతే ఇది బెల్జియమే అయ్యుండాలి అన్నట్టుగా ఉంటుంది దాని పేరే. మనవాళ్లకు అది చూపిస్తే బెల్జియం తీసేసి కుంభకోణం అనుకుంటారు.

అసలు నష్టం తొందరలో లేదు, చెప్పేవాళ్లు లేకపోవడంలో ఉంది. తంజావూరు చూడండి. 1010 నాటికి రాజరాజ చోళుడు పూర్తిచేసిన పెద్దగుడి ముందు బస్సు ఆగుతుంది. దర్శనం అయిపోతుంది, ఎక్కండెక్కండి అంటారు. అదే ఊళ్లో నాయకరాజుల కాలంలో తెలుగు ఆస్థాన భాషగా వెలిగిందని, రాజు విజయరాఘవ నాయకుడే తెలుగులో యక్షగానాలు రాశాడని, సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయని నలభై మంది తెలుగువాళ్లకు చెప్పే నాథుడు లేడు. పది మైళ్లు కూడా లేని తిరువైయారులో త్యాగరాజు సమాధి ఉంది. ఆ బోర్డు పక్క నుంచే బస్సు శ్రీరంగం దౌడు తీస్తుంది. మధురలో మీనాక్షిని చూసిన కళ్లకు అక్కడికి దగ్గర్లోనే 1636లో కట్టిన తిరుమల నాయకుని మహల్ కనపడదు. ఆ నాయకుల ఇంటి మాట తెలుగని తెలిస్తే పెద్దమ్మ దిగి చూడదా? తప్పకుండా చూస్తుంది, ఇంటికొచ్చి పదిమందికి చెబుతుంది. వంటమనిషిని వెంట తీసుకెళ్తున్నారు సరే, రిటైరైన తెలుగు మాస్టారినో చరిత్ర మాస్టారినో ఒక్కరిని ఉచిత సీటులో తీసుకెళ్తే బస్సుకు అదనంగా పడే డీజిలు ఏమీ ఉండదు.

నిద్రపోకూడని మనిషి

బస్సులో అందరూ బాధ్యత దించుకున్నారంటే, దాన్ని ఎత్తుకున్నవాడు ఒకడుండాలి. ఆయన స్టీరింగు దగ్గర ఉంటాడు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకు ఎనిమిది గంటలకు, వారానికి నలభై ఎనిమిదికి పరిమితం చేసింది. ఏకబిగిన అయిదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఉండాలంది. ఈ నిబంధన చదివి చాలామంది టూరు డ్రైవర్లు నవ్వుతారు. పగలు గుళ్ల దగ్గర ఆపి, రాత్రి నడిపితే సత్రం ఖర్చు మిగులుతుందని నిర్వాహకుడి లెక్క. పగలు పార్కింగులో ఎండకు కాలిన బస్సులో డ్రైవరు పడుకున్నది నిద్ర కిందికి వస్తుందా అన్నది ఎవరూ వేయని లెక్క.

ఈ నేల మీద పాఠాలు తక్కువేం లేవు. 2013 అక్టోబరు 30న పాలమూరు జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ప్రైవేటు వోల్వో కల్వర్టును కొట్టుకుని తగలబడి 45 మంది చనిపోయారు. అది యాత్ర బస్సు కాకపోవచ్చు, తలుపు ఎటుందో నిద్రమత్తులో వెతుక్కోవాల్సిన పరిస్థితి మాత్రం ఏ రాత్రి బస్సులోనైనా ఒకటే. 2021 ఫిబ్రవరి 12న హైదరాబాదు నుంచి బంధువులంతా కలిసి వెళ్లిన టూరు బస్సు అరకు నుంచి దిగుతూ డముకు మలుపులో లోయలో పడి నలుగురు పోయారు. 2025 ఫిబ్రవరి 11న కుంభమేళా నుంచి తిరిగొస్తున్న హైదరాబాదు నాచారం బృందం వాహనం జబల్పూరు దగ్గర సిహోరా వద్ద లారీకి గుద్దుకుని ఏడుగురు చనిపోయారు. వీరాస్వామి వెళ్లిన ఆ దారే.

గ్యాసు సిలిండరు సంగతి కూడా తేల్చుకోవాలి. 2023 ఆగస్టు 26న తమిళనాడులోని మధుర స్టేషనులో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో, రహస్యంగా తెచ్చుకున్న సిలిండరుతో మంటలు లేచి ఉత్తరప్రదేశ్ వాళ్లు తొమ్మిదిమంది బలయ్యారు. బస్సు డిక్కీలో బియ్యం బస్తాల పక్కన సిలిండరు పెట్టి దాని మీద నలభై మందిని కూర్చోబెట్టడం తెలివి కాదు. వంట మనదే కావాలంటే దిగిన చోట పొయ్యి, సిలిండరు అద్దెకు ఇచ్చే సత్రాలు వెతుక్కోవడం మేలు.

అడ్వాన్సు కట్టే ముందు పెద్దమ్మ అడిగే మూడు ప్రశ్నలకు ఇంకో మూడు కలిస్తే బాగుంటుంది. రెండో డ్రైవరు ఉన్నాడా? అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా బస్సు ఆగుతుందా? ఎమర్జెన్సీ తలుపు ముందు సామాను పెట్టకుండా చూస్తారా? పర్మిట్టు సంగతి ఇప్పుడు తేలికైంది. 2023 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనలతో ఆన్‌లైన్‌లో తీసుకునే ఒక్క ఆలిండియా టూరిస్టు పర్మిట్టుతో రాష్ట్రాలన్నీ దాటొచ్చు, సరిహద్దు చెక్‌పోస్టుల్లో రాష్ట్రానికో పన్ను కట్టే బాధ తప్పాలి. ప్రయాణికుల జాబితా మాత్రం బస్సులో ఉండాలి. ఆ నోటుపుస్తకంలో ఇంటి పేరుతో సహా సరిగా రాయించుకోవడం, ఇంట్లోవాళ్ల ఫోను నంబరు కూడా చేర్పించడం ఎందుకైనా మంచిది.

ఇటు వచ్చే బస్సులు

మేళ్లచెరువు బస్సులు పంపించే ఊరే కాదు, బస్సులు వచ్చే ఊరు కూడా. ఇక్కడి స్వయంభూ శంభులింగేశ్వరుని గుడికి కాకతీయుల కాలం నాటి పేరుంది. లింగం పైభాగాన ఉన్న చిన్న గుంటలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి. లింగం పెరుగుతూ ఉంటుందని భక్తుల నమ్మకం. దక్షిణ కాశీ అని పిలుచుకుంటారు. శివరాత్రి జాతరకు ఖమ్మం, కృష్ణా, గుంటూరు వైపు నుంచి కూడా జనం దిగుతారు. రాళ్లు లాగే ఎడ్ల పందేలకు దూరాల నుంచి జతలు వస్తాయి.

మిగతా రోజుల్లో బస్సు ఇక్కడ ఆగేది చాలా కొద్దిసేపు. కొబ్బరికాయ కొట్టి మట్టపల్లి నరసింహస్వామి దగ్గరకు పోవాలన్న తొందర. తమిళనాట మనవాళ్లు చేసే తప్పే ఇక్కడికి వచ్చేవాళ్లూ చేస్తున్నారు. రెండు రోజుల బస్సుకు సరిపడా సరుకు ఈ చుట్టుపక్కలే ఉంది. సూర్యాపేట పక్క పిల్లలమర్రిలో కాకతీయుల నాటి గుళ్లతో మొదలుపెట్టి, మేళ్లచెరువు చూసి, మట్టపల్లిలో కృష్ణలో మునిగి, కృష్ణా మూసీ కలిసే వాడపల్లి మీదుగా నాగార్జునసాగర్ చేరి రాత్రి ఆగితే, తెల్లారి 2022లో తెరిచిన బుద్ధవనం, లాంచీలో నాగార్జునకొండ. తిరుగుదారిలో నల్లగొండ పక్క పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే నీడ. ఆ నీడ ఏ స్తంభానిదో తేల్చలేక నలభై మంది ఒక గంట వాదించుకోవచ్చు.

శివరాత్రి అయిదు రోజులు మాత్రం ఈ వరుస పెట్టుకోకూడదు. ఎడ్ల పందేల జనంలో బస్సు గుడిదాకా రావాలంటే కష్టం. జాతరకే వచ్చేట్టయితే ఊరి బయటే ఆపి, పెద్దవాళ్లను ఆటో ఎక్కించి, మిగతావాళ్లు నడిచేందుకు సిద్ధపడి రావాలి.